పడవ ముందు తెల్లచీర

కిందటి వారం మనం తులసిని కొల్లేటి నీళ్ళ మధ్య పడవ ముందు నిలబెట్టి వచ్చేశాం. పాపం, అప్పటినుంచీ ఆ చీరని రెండు చేతులతో పైకెత్తి పట్టుకునే ఉంది. చేతులు పడిపోతూ ఉంటాయి. తొందరగా అక్కడికే వెళదాం. కథలోకి కొత్తగా వచ్చినవాళ్ళ కోసం మాత్రం రెండు ముక్కలు చెబుతాను, పాతవాళ్ళు కాస్త ఓర్చుకోవాలి.

ఏలూరులో దొరసానులంతా కలిసి పెట్టుకున్న సేవా క్లబ్బు ఒకటుంది. కాలవగట్టున పెంకుటిల్లు, చుట్టూ వరండా. గురువారం గురువారం అందులో చేరతారు. ఆసుపత్రికి కట్లగుడ్డలు చుడతారు. బీదపిల్లలకు ఊలు టోపీలు అల్లుతారు. ఏలూరు ఎండల్లో ఊలు టోపీలు ఎవరికని అడిగే ధైర్యం ఇంతవరకూ ఎవరికీ కలగలేదు. ఆ తర్వాత ఒకరు చేసిన కేకుని ఇంకొకరు మెచ్చుకుంటూ టీ తాగి, వెలుతురున్నంతసేపూ బాడ్మింటన్ ఆడుకుంటారు.

ఆ క్లబ్బులో ఒక కట్టుబాటు ఉంది. సేవ చేసే రోజున ఎవరూ సొంత గోడు ఎత్తకూడదు. ఎత్తినావిడ ఆ పూట అందరి టీ కప్పులూ కడగాలి. వినడానికి నవ్వొస్తుంది కాని, దాని వెనక పెద్ద దుఃఖమే ఉంది. వాళ్ళలో చాలామంది ఆరేడేళ్ళ పిల్లల్ని ఇంగ్లండు సీమలో బడిలో దింపి వచ్చినవాళ్ళు. ఒకావిడ తన కొడుకు సంగతి ఎత్తి కళ్ళు తుడుచుకుందంటే, మిగతా అందరి చేతుల్లోంచీ సూదులు జారిపోతాయి. ఇక ఆ రోజు కట్లగుడ్డ ఒక్కటి కూడా చుట్టరు. అందుకని ప్రెసిడెంటు మెరిడిత్ దొరసాని ఈ కట్టుబాటు పెట్టింది. కాలవల ఇంజనీరు మెరిడిత్ దొరగారి భార్య ఆవిడ. పొడుగ్గా, ఎముకలగూడులా ఉంటుంది. ఎండకు చర్మం కందిపోయి ఉంటుంది. ఆవిడ తెలుగంతా వంటవాడి దగ్గర నేర్చుకున్నది. తే, పెట్టు, దించు, తియ్యి, కడుగు. అంతకుమించి రాదు.

ఆ క్లబ్బులో మొట్టమొదటి తెలుగు సభ్యురాలు మన తులసి. పెంటపాడు రైతుబిడ్డ, ఏలూరు వకీలు సత్యనారాయణమూర్తిగారి భార్య. ఉప్పు సత్యాగ్రహం నాటినుంచి ఎర్ర అంచు ఉన్న తెల్ల ఖద్దరు తప్ప ఇంకో బట్ట కట్టలేదు. క్లబ్బు నుంచి వచ్చిన ప్రతిసారీ అత్తగారు వెంకటనరసమ్మ వాకిట్లోనే నీళ్ళబిందె పెట్టి ఉంచుతుంది, తలస్నానం చెయ్యందే వంటింటి గడప తొక్కడానికి లేదు. తులసి విసుక్కోకుండా స్నానం చేస్తుంది, మళ్ళీ గురువారం విసుక్కోకుండా క్లబ్బుకి వెళుతుంది.

గాలివాన వచ్చి కొల్లేరు పొంగింది. లంకల్లో ఇళ్ళు పడిపోయాయనీ, ఆడవాళ్ళు కట్టుకోవడానికి పొడిబట్ట లేక తడిగుడ్డలతో వణుకుతున్నారనీ కబురొచ్చింది. క్లబ్బు చీరలు పంచాలనుకుంది. ఏ రంగువి? తెల్లవి, ఆసుపత్రి దుప్పట్లలా శుభ్రంగా ఉంటాయి అంది మెరిడిత్ దొరసాని. తెల్ల ఖద్దరు, మన నేతవాళ్ళకు కూడా పని దొరుకుతుంది అంది తులసి. ఎవరి తెలుపు వాళ్ళది. ఇద్దరూ ఒక్క మాట మీదికి వచ్చారు కదా అని అందరూ సంతోషించారు. అంచు కూడా లేని తెల్లచీరలు మూటలు మూటలుగా పడవకెక్కాయి, వాటితో తులసీ, మెరిడిత్ దొరసానీ.

పడవ లంక దగ్గరికి వచ్చేసరికి గట్టున ఆడవాళ్ళు కనిపించారు. బట్టలు తెచ్చామని దూరంనుంచే తెలియాలని తులసి పడవ ముందు నిలబడి, ఒక చీర మడత విప్పి, రెండు చేతులతో పైకెత్తింది. గాలికి చీర నిండుగా విచ్చుకుంది. గట్టున ఉన్నవాళ్ళు సంతోషంతో కేక పెడతారనుకుంది. ఒకే ఒక్క కేక వినిపించింది, అది సంతోషంతో పెట్టినది కాదు. ఆ వెంటనే లంకలోని ఆడవాళ్ళంతా ఉన్నవాళ్ళు ఉన్నచోటే బురదలో చతికిలబడి, జుట్టు ముడులు విప్పేసుకుని ఏడవసాగారు.

మనం వాళ్ళని వదిలి వచ్చింది అక్కడ.

* * *

తులసి చీర దించింది. ఏం జరిగిందో ఆమెకు అర్థం కాలేదు. పడవ నడిపే సూర్రావు వైపు చూసింది. సూర్రావు ఏలూరు కాలవలో పుట్టి పెరిగినవాడు, కొల్లేటి లంకలకు రావడం ఇదే మొదలు. అతను కూడా గెడ పట్టుకుని తెల్లబోయి చూస్తున్నాడు.

"పడవ ఆపమంటారా అమ్మగారూ?"

"వద్దు, పోనీ. ఎందుకేడుస్తున్నారో అడుగుదాం."

పడవ ముక్కు గట్టు బురదలో గుచ్చుకుంది. లంక అంటే ఇప్పుడు మిగిలింది మధ్యలో ఉన్న ఎత్తైన దిబ్బే. దాని మీద గేదెలు, మేకలు, కోళ్ళగంపలు, పిల్లలు. దిబ్బ చుట్టూ నీళ్ళలోకి కూలిన పాకల కప్పులు. ఆ కప్పుల అవతల కనుచూపు మేర నీళ్ళే. కిక్కిస గడ్డి దుబ్బులు లేవు, చేపలు పట్టే వెదురు మావులకు పాతిన కర్రలు లేవు, పొలంగట్లు లేవు. నీళ్ళెక్కడ అయిపోయి ఆకాశం ఎక్కడ మొదలవుతోందో తెలియడం లేదు. తులసి చిన్నప్పుడు పెంటపాడులో గోదావరి కాలవలు తెగడం చూసింది. ఇలాంటిది మాత్రం చూడలేదు. మనిషన్నవాడు ఇంత నీళ్ళ ముందు నోరెత్తి మాట్లాడడమే తప్పేమో అనిపించింది ఆమెకు.

గుంపులోంచి ఒక పెద్దావిడ లేచి వచ్చింది. చేతిలో వెదురుగెడ ఉంది. తడిచీర ఒంటికి అంటుకుపోయి ఉంది. కంట్లో తడి మాత్రం లేదు. ఆవిడ పేరు సూరమ్మ. లంకలో వాళ్ళంతా ఆవిడ మాట వింటారని తులసికి ఏలూరులోనే చెప్పారు. సూరమ్మ మోకాలిలోతు నీళ్ళలో నిలబడి, గెడ కొనని పడవ ముక్కుకి ఆనించింది, అది ఇంక ముందుకి రాకుండా.

"ఎందరికండి?" అని అడిగింది. గొంతు చాలా నెమ్మదిగా ఉంది.

తులసి ప్రాణం కుదుటపడింది. చీరల సంగతే కదా అనుకుంది. "అందరికీ తెచ్చామండీ. లంకలో ఒక్కరికి కూడా తక్కువ కాకుండా తెచ్చాం. భయపడకండి" అంది చిరునవ్వుతో.

సూరమ్మ వెనక, కడుపుతో ఉన్న ఒక పిల్ల నించున్నచోటే మోకాళ్ళ మీద కూలిపోయింది. ఎవరో పట్టుకున్నారు.

"అందరూనా" అంది సూరమ్మ. అది ప్రశ్న కాదు. మళ్ళీ అంది, "మరి పీనుగులేయండి? ఎనకాల పడవలో వత్తన్నాయా?"

తులసి చిరునవ్వు మొహం మీదే గడ్డకట్టింది.

"పీనుగులేమిటండీ?"

"మా మగోళ్ళవండి. గాలివోన ముందునాడు సేపల ఏటకెళ్ళేరు. ఇంకా రాలేదు. ఈ కొల్లేట్లో ఎవరి శవమన్నా ఇంకో లంకలో తేలిందనుకోండి, ఆ లంకోళ్ళు పడవ ముందు తెల్లబట్ట ఎత్తి పట్టుకుని తెత్తారు. నోటితో సెప్పలేని కబురు కదండి. ఒక మడిసికి ఒక బట్ట. మీరు పడవ నిండా తెచ్చేరు."

తులసి మూటల మీద కూలబడింది. తను ఎత్తి పట్టుకున్నది ఏమిటో, తను నవ్వుతూ చెప్పిన జవాబు ఏమిటో అప్పటికి ఆమెకు అర్థమైంది.

"అయ్యో, కాదండీ! ఎవరూ పోలేదండీ! మేం శవాలతో రాలేదండీ, ఇవి మీరు కట్టుకోవడానికి తెచ్చిన చీరలండీ సూరమ్మగారూ! క్లబ్బువాళ్ళు ఇచ్చినవి! మాకు ఈ ఆచారం తెలియదండీ!"

గట్టున ఏడుపు ఆగిపోయింది. అందరి కళ్ళూ ఆమె మీదే ఉన్నాయి.

"అయితే మా మగోళ్ళు బతికే ఉన్నారా అండి?" అంది సూరమ్మ.

"నాకు తెలియదండీ."

"పోయేరా?"

"అదీ తెలియదండీ."

సూరమ్మ గెడ ఎత్తి నీళ్ళమీద ఒక్క దెబ్బ కొట్టింది. నీళ్ళు తులసి మొహం మీదికి చిందాయి. "తెలీకుండా మీరెందుకెత్తేరండి! మావోళ్ళ కోసం ఏడవడానికి మేం లేమా? ఇప్పుడు ఇదంతా ఎవరు దింపుతారు? ఒకసారి మా లంక ముందు తెల్లబట్ట ఎగిరేక, అబ్బే, ఉత్తినే ఎత్తేం అంటే సరిపోద్దా? మా లంకాలమ్మ తల్లి సూసింది. ఆ నీళ్ళలో ఉన్నోళ్ళు సూసుంటే, ఇంక మాకెవరూ లేరు కాబోలు అనుకుని గెడ వదిలేత్తారండి, ఏవనుకుంటున్నారో!"

నిజానికి ఇలాంటి పొరపాటు కొల్లేట్లో ఇంతకుముందు ఎవరూ చెయ్యలేదు. ఎవరు చేస్తారు? తెల్లబట్ట అంటే ఏమిటో అక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. అందుకే దీనికి విరుగుడు ఏమిటో కూడా ఎవరికీ తెలియదు. లంక పెద్దలంతా కొల్లేట్లోనే ఉన్నారు, ఉంటే. అడగడానికి ఇంకెవరున్నారు?

కడుపుతో ఉన్న పిల్ల వణుకు తులసికి ఇక్కడికి కనిపిస్తోంది. పెదవులు నల్లబడ్డాయి. తడిచీర కొంగు పిండుకుని మళ్ళీ కప్పుకుంటోంది. ఆ పిల్ల సూరమ్మ కోడలు మంగమ్మ. నెలలు నిండాయి. ఈ చలిలో ఇంకో పూట ఆ తడిగుడ్డతో ఉంటే తల్లీ బిడ్డా ఇద్దరూ దక్కరు. పొడిచీరలు ఇక్కడే, తులసి చెయ్యి చాస్తే అందేటంత దూరంలో ఉన్నాయి.

"నన్ను తిట్టండి, కొట్టండి. ఆ పిల్లకి మాత్రం ఒక పొడిచీర చుట్టనివ్వండి. మీ కాళ్ళు పట్టుకుంటాను."

"ఇదా? దాని వొంటి మీదా?" అంది సూరమ్మ. "మా పోతురాజు ఇంటికొచ్చి, పెళ్ళాం తెల్లగుడ్డ కట్టుకు కూకుంటే సూడాలా? సచ్చినా కట్టదండి. కట్టనివ్వను."

వెనక నుంచి మంగమ్మ గొంతు సన్నగా వినిపించింది. "నే కట్టనత్తా."

మెరిడిత్ దొరసాని ఇంతసేపూ మూటల పక్కన బల్ల మీద నిటారుగా కూర్చుని ఉంది. నెత్తి మీద టోపీ, ఆ టోపీకి ఎండ తగలకుండా చుట్టుకున్న పొడుగాటి తెల్ల స్కార్ఫు. తులసి ఒక్కో ముక్కే ఇంగ్లీషులో చెబుతుంటే వింటోంది. తెల్లబట్ట సంగతి విన్నప్పుడు మాత్రం ఆవిడ చెయ్యి తెలియకుండానే స్కార్ఫు మీదికి వెళ్ళి ఆగింది.

సూరమ్మ ఆవిడకేసి చూసింది. "ఆయమ్మకేం తెలుత్తాదండి! మా మొగుళ్ళు నీళ్ళలో ఉంటే ఆవిడ మొగుడు బంగళాలో యెచ్చగా కూకునుంటాడు. ఆవిడ సరదాకి మా కొంపలు తీసేరు."

తులసి ఈ మాట ఇంగ్లీషు చెయ్యలేదు.

"ఏమంది?" అని అడిగింది దొరసాని.

"కోపంగా ఉంది మేడమ్, అంతే."

"తులసీ, మొత్తం చెప్పు."

తులసి తల వంచుకుని మొత్తం చెప్పింది. దొరసాని నీళ్ళకేసి చూసింది. తర్వాత, చీరల మూటలు పడవలో ఎలా సర్దాలో చెప్పినంత మామూలుగా, ఒక్కో మాటే ఇంగ్లీషులో అంది:

"ఆవిడతో చెప్పు. నా భర్త కూడా ఈ నీళ్ళలోనే ఉన్నాడు. గాలివాన ముందునాడే లాంచీలో ఉప్పుటేరు వైపు వెళ్ళాడు, నీళ్ళు సముద్రంలోకి పోతున్నాయో లేదో చూడడానికి. తిరిగి రాలేదు. లాంచీ తిరగబడి ఉండగా చూశామని ఇవాళ పొద్దున ఆఫీసు జవాను వచ్చి చెప్పాడు. మనుషులు కనపడలేదట."

తులసి ఆవిడకేసి తిరిగింది.

పొద్దున క్లబ్బు వరండాలో జరిగింది గుర్తొచ్చింది. తడిసిన తలపాగాతో జవాను ఒకడు మెట్ల దగ్గరికి వచ్చి ఏదో చెప్పడం, దొరసాని ఒక్క క్షణం వరండా స్తంభం పట్టుకోవడం, వెంటనే లోపలికి వచ్చి, తోటి సభ్యురాలు మిస్ హెలెన్ కట్టిన మూట ముడి వదులుగా ఉందని కసురుకుని, తనే విప్పి మళ్ళీ కట్టడం. లంక పిల్లల కోసం పెట్టిన పాలడబ్బాలు మర్చిపోతారేమో అని రెండుసార్లు గుర్తు చేసింది కూడా. దారిలో కాలవ మీద, పిల్లలకు ఊలు టోపీలు అల్లడం గురించి సూర్రావుకి చేతి సైగలతో వివరించింది. తులసి నవ్వుకుంది కూడా. ఈ మనిషి గుండెలో అప్పుడు ఏముంది! ఇదెలాంటి మనిషి! తులసికి ఆవిడ కాళ్ళ మీద పడాలనిపించింది, పారిపోవాలని కూడా అనిపించింది.

"మరి ఎందుకొచ్చారు మేడమ్? ఎందుకు చెప్పలేదు?"

"ఇవాళ సేవ రోజు కదా" అంది దొరసాని. "బంగళాలో కూర్చున్నా చేసేదేముంది? ఇక్కడైతే ఆయనకి కొంచెం దగ్గరగా ఉంటాను." కాస్త ఆగి, "ఎలాగూ చెప్పేశాను. వచ్చే గురువారం కప్పులన్నీ నేనే కడగాలి" అంది. నవ్వబోయింది కాని రాలేదు.

తులసి అదంతా తెలుగులో చెప్పింది. కప్పుల మాట చెప్పాలా వద్దా అనుకుని అదీ చెప్పింది.

సూరమ్మ విన్నది. ఆవిడ చేతిలోని గెడ కొన మెల్లగా కిందికి వాలి నీళ్ళలో పడింది. ఆవిడ మొలలోతు దాకా దిగి వచ్చి పడవ అంచు పట్టుకుంది. దొరసాని మొహంలోకి చాలాసేపు చూసింది. అంత దగ్గరనుంచి ఆ రెండు మొహాలూ చూసిన తులసికి, అవి ఎక్కడో ఒకేచోట చెక్కినట్టు అనిపించాయి. ఎండా గాలీ అంత ఒకేలా కొట్టాయి వాటిని.

"మీరు ఏడవలేదేవండి?" అని అడిగింది సూరమ్మ. తులసి ఇంగ్లీషు చెయ్యబోయింది. అక్కర్లేదన్నట్టు దొరసాని చెయ్యి ఊపి, సూరమ్మని వేలితో చూపించింది. నువ్వెందుకు ఏడవలేదు మరి, అని. సూరమ్మకి అర్థమైంది. అవునన్నట్టు తలాడించింది.

మంగమ్మ లేచి, తూలుతూ నీళ్ళ అంచుదాకా వచ్చింది.

"అత్తా, పసుపులో ముంచితే?"

సూరమ్మ గిరుక్కున తిరిగింది.

"పసుపులో ముంచితే తెల్లబట్ట తెల్లబట్ట కాదు గదత్తా. లంకాలమ్మ గుళ్ళో పసుపుంది. జాతరకి మనం దంచి పోసిందే. అందులో ముంచి, ఆ అమ్మగారు ఎత్తినట్టే మళ్ళీ పైకెత్తితే, అప్పుడు సూసినోళ్ళు ఇప్పుడూ సూత్తారు."

గుంపులో గుసగుస బయల్దేరింది. ఎవరో "బాబోయ్, అమ్మోరి పసుపా" అన్నారు.

"నీకు మతి ఉందటే మంగా?" అంది సూరమ్మ. "అది ముత్తైదువలు ముట్టే పసుపు. ముట్టి బట్ట ముంచేవంటే, నా మొగుడు బతికే ఉన్నాడని తల్లి ముందు పందెం కాసినట్టు. రేపు ఆడు రాకపోతే? అమ్మోరితో అబద్దమాడినదానివైపోతావు. కడుపులో బిడ్డ ఉంది."

"వత్తాడు" అంది మంగమ్మ. "వత్తాడత్తా. ఆ పందెం నే కాత్తాను."

పాఠకులు నన్ను క్షమించాలి. ఇంతకాలంగా ఈ కథ రాస్తూ తులసి గురించీ, క్లబ్బు దొరసానుల కేకుల గురించీ సరదాగా రాస్తూ వచ్చాను. ఈ పిల్ల ఆ ఒక్క మాట అనేసరికి నాకిక ఆ సరదా చేతకాలేదు. పదిహేడు పద్దెనిమిదేళ్ళు ఉంటాయేమో. పెదవులు నల్లబడి, తడిగుడ్డలో వణుకుతూ, చుట్టూ అంత ప్రళయం మధ్య నిలబడి, దేవతతో పందెం కాస్తానంటోంది.

సూరమ్మ చాలాసేపు ఆలోచించలేదు. దిబ్బ మీద చిన్న పాక గుడి ఉంది, వాన కొట్టినా పడిపోలేదు. సూరమ్మ లోపలికి వెళ్ళి, ఉట్టి మీదనుంచి పసుపుకుండ దించుకుని వచ్చింది. గుడి ముందున్న పెద్ద కాగులో నీళ్ళు పోసి, పసుపు గుప్పిళ్ళతో కలిపింది. పడవలోని మూటలు గట్టెక్కాయి. మొదటి చీర మంగమ్మ ముంచింది. తెల్లచీర కొస నీళ్ళలో మునిగింది. పసుపు పైపైకి పాకింది. మంగమ్మ పిండి, దులిపి, ఇంకా కారుతున్న చీరని గాలిలోకి విసిరింది. ఆ తర్వాత ఇంకెవరూ ఆగలేదు. ఒకరి తర్వాత ఒకరు వచ్చారు. కాగు దగ్గర నిలబడి, కళ్ళు మూసుకుని, లోపల ఏదో అనుకుని, ముంచారు. భయంతో వెనక్కి తగ్గిన ఒకావిడ కూడా చివరికి వచ్చింది. ఆ నీళ్ళలోనే ఉన్న తన మొగుడి కోసం సూరమ్మ కూడా ముంచింది, పెళ్ళయిన నాటినుంచి గుడి పసుపుకి తానే కాపలా అయినా, ఇంతవరకూ తన కోసం ఒక్క చిటికెడు తీసుకోని సూరమ్మ.

పొడిచీరలన్నీ తడిపేస్తున్నారే అని తులసి మనసు ఒక పక్క గోల పెట్టింది. సూరమ్మ ఆ సంగతి తనే చూసింది. మూటలోంచి ఒక చీర లాగి కొసలో కొంచెం పసుపు రాసి, మిగతా అంతా పొడిగానే ఉంచి, కోడలి ఒంటికి చుట్టింది. ఈసారి మంగమ్మ కాదనలేదు.

తులసి కూడా కాగు దగ్గరికి వెళ్ళింది. తన ఎర్ర అంచు తెల్ల ఖద్దరు కొంగుని తనే ముంచుకుంది. ఇంటికెళ్ళాక అత్తగారు ఏమంటుందో, క్లబ్బువాళ్ళు ఏమంటారో ఆమెకు ఆ క్షణాన పట్టలేదు. ముంచుతుంటే ఏడుపొచ్చింది.

దొరసాని పడవ దిగి, అందరికంటే వెనక నిలబడి చూస్తోంది. సూరమ్మ ఆవిడవైపు చూసింది కాని పిలవలేదు. ఆవిడకి సంబంధం లేని దేవత, ఆవిడకి సంబంధం లేని పందెం. ఎలా పిలుస్తుంది? దొరసాని టోపీకి చుట్టిన స్కార్ఫు ముడి విప్పింది. దాని ఒక చివర వంకరగా కత్తిరించి ఉంది. "ఇందులోంచి ఒక ముక్క కోసి ఆయన టోపీకి చుట్టాను, వెళ్ళేటప్పుడు" అంది తులసితో. కాగు దగ్గరికి వచ్చి సూరమ్మ ఎదుట నిలబడింది. వంటింటి మాటలు తప్ప తెలుగు రాని మనిషి, వెతుక్కుని వెతుక్కుని ఒక మాట తెచ్చుకుంది.

"నేను కూడా" అంది.

సూరమ్మ తన చేత్తో ఆవిడ చెయ్యి పట్టుకుని ముంచింది.

వెదురుగెడలకు చీరలు కట్టారు. దిబ్బ చుట్టూ, నీళ్ళ అంచున, కూలిన కప్పుల మీద, ఎక్కడ కాలు ఆనితే అక్కడ ఆడవాళ్ళు గెడలెత్తి నిలబడ్డారు. గాలి అందుకుంది. ఒక్కసారిగా లంకంతా పసుపుపచ్చగా ఎగిరింది. మబ్బులు విడి ఎండ పడింది. నీళ్ళలో ఇంకో లంక తలకిందులుగా వెలిగింది, అదీ పసుపుపచ్చగానే. తులసి ఆ మధ్యలో నిలబడి నోరు తెరుచుకుని చూస్తూ ఉండిపోయింది. మొక్కాలనిపించింది. ఎవరికి మొక్కాలో తెలియక అందరికీ మొక్కింది. సూర్రావు పడవలోనే నిలబడి తలపాగా తీసేశాడు.

సూర్రావే ముందు చూశాడు. "అమ్మగారూ! అదుగో!"

తూర్పున నీళ్ళమీద నల్లటి చుక్క. చూస్తూండగానే అది సంగడి అయింది, రెండు తాటిదోనెలు పక్కపక్కన కట్టినది. అందులో నిలబడి గెడ వేస్తున్న మనిషి ఒక్కడే. వెనకాల ఇంకేం లేదు.

"మావ!" అని కేక పెట్టింది మంగమ్మ. "మావే అత్తా! ఆ గెడ ఏసే తీరు సూడు! మావే!"

పోతురాజే. సూరమ్మ నోటినుంచి ఏదో అరుపు వచ్చింది, పేరు కాదు, మాటా కాదు. కన్నకొడుకు బతికి వస్తున్నాడు. ఆవిడ నీళ్ళలోకి పరుగెత్తబోయి, రెండడుగులు వేసి, ఆగిపోయింది.

పోతురాజు తల మీద టోపీ ఉంది. దొరలు పెట్టుకునే తెల్లటి టోపీ. దాని చుట్టూ తెల్లటి గుడ్డముక్క.

దొరసాని కూడా చూసింది. ఆవిడ మొహంలో ఏమీ కదలలేదు. గెడని రెండు చేతులతో పట్టుకుంది.

"సంగడి ముందు తెల్లబట్ట లేదమ్మా" అంది సూరమ్మ గబగబా, తన కొడుకుని వదిలి వెనక్కి వచ్చి దొరసాని మణికట్టు పట్టుకుంటూ. "సెప్పండి అమ్మాయిగారూ ఆవిడికి. సంగడి ముందు ఏం ఎత్తలేదు. బట్ట లేదు."

తులసి చెప్పింది. కాని ఆమెకు తెలుసు, సూరమ్మకీ తెలుసు. మొలకి నల్లగుడ్డ తప్ప ఏమీ లేకుండా నీళ్ళలో పడి కొట్టుకు వస్తున్న మనిషి, ఎత్తాలన్నా తెల్లబట్ట ఎక్కడినుంచి తెస్తాడు?

సంగడి దగ్గరవుతోంది. పోతురాజు పసుపుచీరల్ని చూసినట్టున్నాడు. గెడ వెయ్యడం ఆపాడు. అతను తల మీది టోపీ తీశాడు. రెండు చేతులతో పట్టుకుని కాసేపు దానికేసి చూశాడు. తర్వాత మెల్లగా దాన్ని గెడ కొనకు తగిలించి, సంగడి ముందుకి వచ్చి నిలబడి, పైకెత్తాడు. ఒక మనిషికి ఒక బట్ట.

గట్టున ఒకావిడ చేతిలో గెడ జారింది. ఇంకొకావిడ చీర దించబోయింది. తులసి చేతులు కూడా వాటంతటవే కిందికి వస్తున్నాయి.

"దించకు" అంది మెరిడిత్ దొరసాని, తెలుగులోనే. పసుపు స్కార్ఫు కట్టిన తన గెడని ఇంకొంచెం పైకెత్తి పట్టుకుంది.